అణు సంస్థలో అవినీతిపై పేరు బయటపడకుండా ఫిర్యాదు చేయడం ఎలా?

కాగితం, కవరు, జిగురు. అంతే. టైపు చేయించకండి, మీరే చేసుకోండి. చేతిరాత అసలే వద్దు, పక్క సీటువాడు ఇట్టే పట్టేస్తాడు.

"చట్టం ఉంది, భయపడకు" అనే సలహాదారులను దూరం పెట్టండి. అక్రమాలను బయటపెట్టేవారి కోసం చేసిన విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టం 2014లో పార్లమెంటు దాటింది, కానీ అమల్లోకి రాలేదు. మనకున్నది 2004 నాటి కేంద్ర ప్రభుత్వ తీర్మానం, పీఐడీపీఐ (ప్రజాప్రయోజనం కోసం సమాచారం ఇచ్చేవారి రక్షణ). హైవే పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు బయటపెట్టవద్దని కోరిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురయ్యాకే అది వచ్చింది.

హైదరాబాద్‌లోని అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీ అయినా, తుమ్మలపల్లె యురేనియం గని అయినా కేంద్రానివే కాబట్టి అక్కడి అధికారులపై రాయొచ్చు. అయితే అవినీతి, అధికార దుర్వినియోగం గురించే. ఉత్త భద్రతా లోపమైతే అణు భద్రతను పర్యవేక్షించే నియంత్రణ మండలి ఏఈఆర్‌బీకి రాయాలి. అక్కడికి రాసిన ఉత్తరానికి ఈ తీర్మానం ఇచ్చే గోప్యత ఉండదు. పరీక్షించని వాల్వును లంచం తీసుకుని పాస్ చేశారంటే మాత్రం అది అవినీతి ఫిర్యాదులు చూసే కేంద్ర విజిలెన్స్ కమిషన్ పనే.

కవరు మీద కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శి పేరిట చిరునామా, పైన 'పీఐడీపీఐ' అని ఇంగ్లీషులో. పంపేవారి పేరు కవరు మీద ఉండకూడదు, లోపల తప్పక ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలు చెల్లవు. ఈమెయిల్ వద్దు.

అందరూ బోల్తాపడేది ఉత్తరం రాయడంలోనే. పేరు, చిరునామా విడి కాగితం మీద పెట్టి, అసలు ఫిర్యాదులో మీ ఆనవాలు లేకుండా చూసుకోవాలి. "నేను రాత్రి షిఫ్టులో ఉండగా స్టోర్స్ ఆఫీసర్ నాతో సంతకం పెట్టించారు" అని రాస్తే ఆ షిఫ్టు రిజిస్టరు తెరవగానే మీరెవరో తెలిసిపోతుంది. "ఫలానా తేదీన ఫలానా నంబరు వాల్వుకు ప్రెజర్ టెస్ట్ చేయకుండానే సర్టిఫికెట్ ఇచ్చారు, రికార్డు స్టోర్స్‌లో ఉంది" అనండి. విచారించే వాడికి దారి దొరకాలి, మీ దాకా మాత్రం రాకూడదు. నలుగురికీ తెలిసిన విషయమైతే ఇది తేలిక. మీకొక్కరికే తెలిసిందైతే ఎంత జాగ్రత్తగా రాసినా అనుమానం మీ మీదికే వస్తుంది. అప్పుడు పంపే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

డ్రాయింగులు, రహస్య కాగితాలు జతచేయకండి. అధికార రహస్యాల చట్టం నుంచి ఈ తీర్మానం మిమ్మల్ని కాపాడలేదు. ఎంపీకో కాపీ, విలేకరికో కాపీ పంపారా, మీ పేరు దాచే బాధ్యత కమిషన్‌కు ఉండదు. వాట్సాప్‌లో స్నేహితుడికి చూపించడం కూడా నా లెక్కలో ప్రచురణే.

రసీదు రాదు, ఎదురుచూడకండి. ఫిర్యాదు మీదేనా అని కమిషన్ ఉత్తరం రాస్తుంది. అది కాలనీ క్వార్టర్‌కు వస్తే ఊరంతా తెలుస్తుంది, అందుకే నమ్మకమైన సొంతూరి చిరునామా ఇవ్వాలి. వేధింపులు మొదలైతే బదిలీ ఆర్డరు కాపీతో మళ్లీ కమిషన్‌కే రాయండి, ఆపమని సంస్థను ఆదేశించగలదు. నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం ఈ తీర్మానంలో లేదు.