మాత్రలు కలిసిన నీటికి జమ్ము మడి

కంకిపాడు దాటాక బందరు రోడ్డు పక్కనే మా వృద్ధాశ్రమం. మొత్తం 20 మందిమి. రాత్రి ఎనిమిదింటికి మాత్రల డబ్బాలు సర్దేది నేనే. షుగరుకు మెట్‌ఫార్మిన్, మోకాళ్లకు డైక్లోఫెనాక్, ఇద్దరికి ఫిట్స్ మాత్ర కార్బమజెపిన్. మెట్‌ఫార్మిన్ అయితే మింగింది మింగినట్టే మూత్రంలో పోతుంది. ఆ నీళ్లన్నీ సెప్టిక్ ట్యాంకు నిండి పక్క పొలం బోదెలో కలిసేవి. ఒకరోజు అక్కడ గేదెలు మూతి పెట్టి తాగుతుంటే చూశాను. మనసొప్పలేదు. అప్పుడే ఈ మురుగునీళ్లు శుభ్రం కావడానికి కంకర పోసి జమ్ము నాటే మడి కట్టించాను.

ముందు లెక్క చూసుకోండి. మనిషికి 100 లీటర్ల చొప్పున మాకు రోజుకు 2,000 లీటర్లు. నీళ్లు మడిలో నాలుగు రోజులైనా ఉండాలి, అంటే 8,000 లీటర్లు. కంకర సందుల్లో నీళ్లు పట్టే చోటు సుమారు 40 శాతమే కాబట్టి 20 ఘనపు మీటర్ల కంకర కావాలి. 11 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రెండడుగుల లోతు తవ్వించాం. అడుగున నాలుగంగుళాల వాలు. మన నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, అందుకే రొయ్యల చెరువుల్లో పరిచే మందపాటి నల్ల షీటు వేయించాం.

కంకర దగ్గర తొందరపడకండి. మొదటిసారి నేను కడిగించకుండా పోయించాను. రెండు నెలలకే నీళ్లు వచ్చే కొసన బూడిదరంగు బురద పేరుకుని మురుగు పైకి ఉబికింది. సగం మడి మళ్లీ తోడించాల్సి వచ్చింది. ఇప్పుడైతే దోసెడు కంకర బకెట్లో వేసి కలిపి చూస్తాను, నీళ్లు తేటగా ఉంటేనే సరే అంటాను. రెండు కొసల్లో 40 ఎంఎం, మధ్యలో 20 ఎంఎం. సెప్టిక్ ట్యాంకు బురద కూడా వేళకు తీయించాలి.

బయటికి పోయే పైపుకు తిరిగే ఎల్బో (వంపు ముక్క) పెట్టండి, దాన్ని తిప్పి మడిలో నీటిమట్టం పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. నీటిమట్టం కంకరకు రెండంగుళాల కింద ఉంటే దోమలు రావు. అడుగున్నరకొకటి చొప్పున జమ్ము, మెట్టతామర నాటాం.

నిజంగా పనిచేసేది వేళ్లనూ రాళ్లనూ పట్టుకున్న సూక్ష్మజీవులే. అందుకే మిగిలిన యాంటీబయాటిక్ సీసాలు కమోడ్‌లో పోయనివ్వను. పారాసెటమాల్‌ను ఆ సూక్ష్మజీవులు తేలిగ్గానే విరగ్గొట్టేస్తాయి. నొప్పుల మాత్ర ఐబుప్రోఫెన్ విరగాలంటే గాలి కావాలి, అందుకని వారానికోసారి మట్టం దించి మళ్లీ నింపుతాను.

డైక్లోఫెనాక్ విరగాలంటే ఎండ కావాలి. పశువులకు వేసిన ఈ మందు వల్లే మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, 2006లో పశువైద్యంలో నిషేధించారు. దీనికోసమే మడి చివర మోకాలి లోతు కుంట తవ్వించాం, దోమల కోసం గప్పీ చేపలు వదిలాం.

కార్బమజెపిన్ మాత్రం మొండిది, మడి దాటినా చాలావరకు అలాగే ఉంటుంది. మొక్కలు దాన్ని ఆకుల్లోకి లాగుతాయి. కాబట్టి ఆ నీళ్లు తోటకూరకు, పాలకూరకు పెట్టం, పూలమొక్కలకే.

కుంట మీద పచ్చటి నాచు కమ్మితే ఎండ లోపలికి దిగదు. ఆదివారం పొద్దున్నే పాత దోమతెర గుడ్డతో నేనే తీసేస్తాను.