మినీ ప్రాజెక్టుకి యాప్ కడుతున్నారా? హాజరు లెక్కతో మొదలుపెట్టండి

బీటెక్ మినీ ప్రాజెక్టు అనగానే చాలా టీములు ఫుడ్ డెలివరీ యాప్ అంటాయి, లేదంటే చాటింగ్ యాప్ అంటాయి. లాగిన్ స్క్రీన్ దగ్గరే సెమిస్టర్ సగం అయిపోతుంది. అంతకంటే క్లాసులో అందరికీ పనికొచ్చే హాజరు లెక్క యాప్ మేలు. సర్వర్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, రెండు స్క్రీన్లు చాలు. అయినా ఆండ్రాయిడ్‌లో తలనొప్పి పెట్టేవి చాలావరకు ఇందులోనే ఎదురవుతాయి.

యాప్ కట్టే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో. దానికి కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. ఎమ్యులేటర్ (కంప్యూటర్ తెరమీద నడిచే ఉత్తుత్తి ఫోన్) కూడా నడపాలంటే 16 కావాలి. 8 మాత్రమే ఉంటే ఎమ్యులేటర్ జోలికి పోకుండా మీ ఫోన్‌నే వాడండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో అయితే ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి, 'ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ' కూడా ఆన్ చేయాలి. ఫోన్ చార్జ్ అవుతూ స్టూడియోలో మాత్రం కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని చౌక కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. మొదటి గ్రేడిల్ సింక్ (ప్రాజెక్టుకి కావాల్సినవి తెచ్చి సిద్ధం చేసే దశ) చాలా ఫైళ్లు దించుకుంటుంది. కాలేజీ వైఫై ప్రాక్సీ దగ్గర అది ఆగిపోతే ఆ ఒక్కసారికి హాట్‌స్పాట్ పెట్టుకోండి.

ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు 'ఎంప్టీ యాక్టివిటీ' ఎంచుకుంటే కోట్లిన్ భాష, స్క్రీన్లు కట్టే కంపోజ్ వాటంతటవే వస్తాయి. మీ ల్యాబ్ మాన్యువల్ ఇంకా జావా, ఎక్స్‌ఎంఎల్ అనే పాత పద్ధతి దగ్గరే ఉండొచ్చు. పరీక్షకి అది చదవండి, ప్రాజెక్టు మాత్రం కంపోజ్‌లోనే కట్టండి.

కోడ్ కంటే ముందు కాగితం. అరచేతి సైజు కాగితం మీద సబ్జెక్టుల జాబితా, ఒక్కో వరుసలో 'వచ్చాను', 'రాలేదు' బటన్లు గీసి, టీములో లేని ఒకరి చేతికివ్వండి. "నిన్నటి క్లాసు ఎక్కడ వేయాలి?" అని వాళ్లు అడిగారంటే తేదీ మార్చే దారి మీరు మర్చిపోయినట్టే. బటన్ ఎత్తు, వెడల్పు 48 డీపీకి (తెరమీద కొలతకి ఆండ్రాయిడ్ వాడే యూనిట్) తగ్గకూడదు, తగ్గితే బొటనవేలికి పక్క బటన్ తగులుతుంది.

ఇక డేటా. రూమ్ డేటాబేస్‌లో (ఫోన్‌లోనే డేటా దాచే ఆండ్రాయిడ్ లైబ్రరీ) శాతాన్ని దాచకండి. ప్రతి క్లాసునీ ఒక వరుసగా దాచండి: సబ్జెక్టు, తేదీ, పీరియడ్లు, వచ్చారా లేదా. ల్యాబ్ ఒక్కటే మూడు పీరియడ్లు తినేస్తుంది కాబట్టి పీరియడ్ల గడి తప్పనిసరి. శాతాన్ని దాచుకుంటే తప్పు నొక్కు ఒక్కటి పడినా సరిదిద్దే దారి ఉండదు.

75 శాతం చేరడానికి వరుసగా ఎన్ని పీరియడ్లకి వెళ్లాలో చెప్పే సూత్రం చిన్నదే: మొత్తం పీరియడ్లు × 3 − హాజరైనవి × 4. ఉదాహరణకి 60లో 40కి వెళ్లారనుకోండి. 180 − 160 = 20. అంటే 80లో 60, సరిగ్గా 75. ఇప్పటికే 75 దాటినవాళ్లకి ఎన్ని మానొచ్చో కావాలి కదా, దానికి హాజరైనవి × 4 ÷ 3 − మొత్తం. 64లో 54 ఉంటే 72 − 64, ఎనిమిది మానొచ్చు. దశాంశం వస్తే కిందికి దించాలి, పైకి కాదు.

ఈ లెక్కలోనే రెండు గోతులున్నాయి. కోట్లిన్‌లో 40ని 60తో పూర్ణాంకాలుగా భాగిస్తే సున్నా వస్తుంది, దాన్ని 100తో గుణించినా సున్నానే. అందుకే ముందు డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) మార్చాలి. రెండోది సెమిస్టర్ మొదటి రోజు: క్లాసులు సున్నా, హాజరు సున్నా. డబుల్‌లో అది 'నాన్' (సంఖ్య కానిది) అవుతుంది, దానిమీద పూర్ణాంకంగా మార్చే రౌండ్‌టుఇంట్ పిలిస్తే యాప్ క్రాష్. మొత్తం సున్నా అయితే శాతం బదులు '—' చూపించండి.

ఫోన్ అడ్డంగా తిప్పగానే టైప్ చేసిన సబ్జెక్టు పేరు మాయమైందా? తిప్పినప్పుడు ఆండ్రాయిడ్ యాక్టివిటీని (తెరమీదున్న స్క్రీన్‌ని) చంపి మళ్లీ పుట్టిస్తుంది, కంపోజ్‌లో విలువల్ని గుర్తుపెట్టుకునే రిమెంబర్‌లో ఉన్నది పోతుంది. రిమెంబర్‌సేవబుల్ వాడాలి. పరీక్షించడానికి డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' ఆన్ చేసి, వేరే యాప్‌కి వెళ్లి రండి.

టేబుల్‌కి కొత్త గడి చేర్చి డేటాబేస్ వెర్షన్ పెంచకపోతే యాప్ తెరవగానే కూలుతుంది. మీ ఫోన్‌లో అయితే అన్‌ఇన్‌స్టాల్ చేసి సరిపెట్టుకోవచ్చు. స్నేహితులు వాడటం మొదలుపెట్టాక మాత్రం మైగ్రేషన్ (పాత డేటాని కొత్త టేబుల్‌కి మార్చే కోడ్) రాయాల్సిందే, లేకపోతే వాళ్ల నెల రోజుల హాజరు గాలికి పోతుంది.

తెలుగులో యాప్ ఇవ్వాలంటే వాల్యూస్-టీఈ ఫోల్డర్‌లో స్ట్రింగ్స్ ఫైల్ (స్క్రీన్ మీద కనబడే మాటలుండేది) పెట్టండి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ ఎత్తు తెలుగుకి చాలదు, కింద వత్తులు తెగిపోతాయి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఎత్తు ఇచ్చి, 'స్త్రీ', 'రాష్ట్రం' టైప్ చేసి చూడండి. ఆ తర్వాత ఫోన్ ఫాంట్ సైజు పూర్తిగా పెంచి ఇంకోసారి. విభక్తులతో ఇంకో చిక్కుంది: వాడేవారు రాసిన సబ్జెక్టు పేరుకి కోడ్‌లో 'కి', 'లో' అతికిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పేరు శీర్షికగా పెట్టి, కింద "ఇంకా 20 పీరియడ్లు వెళ్లాలి" అని వేస్తే ఆ గొడవే లేదు.

టీములో ఒకరి ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన డీబగ్ బిల్డ్ (పరీక్షించుకోడానికి తయారైన యాప్) మీద ఇంకొకరిది ఇన్‌స్టాల్ కాదు, ఎందుకంటే ఒక్కో ల్యాప్‌టాప్‌లో యాప్ మీద సంతకం చేసే డీబగ్ కీ వేరు. ఒకే డీబగ్ కీస్టోర్ (కీ ఉండే ఫైల్) అందరూ వాడుకోండి. బయటికి ఇచ్చే యాప్‌కి వాడే రిలీజ్ కీస్టోర్‌ని మాత్రం గిట్‌హబ్‌లో పెట్టొద్దు, రెండు చోట్ల భద్రంగా దాచండి.

ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కసారి కట్టే 25 డాలర్లతో పాటు ఓపిక కావాలి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి కనీసం 12 మంది టెస్టర్లు, 14 రోజుల పాటు తెగకుండా క్లోజ్డ్ టెస్ట్‌లో (పిలిచినవాళ్లకే యాప్ అందే పరీక్షలో) ఉండాలి. ఒకరు పదో రోజు బయటికి పోతే ఇబ్బంది కాబట్టి 15 మందిని చేర్చుకోండి. ఆ తర్వాత గూగుల్ పరిశీలన వేరే ఉంటుంది. ఫైనల్ రివ్యూకి కనీసం నెల ముందే అప్‌లోడ్ చేయండి. అంత సమయం లేకపోతే సంతకం చేసిన ఏపీకేని (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్‌ని) రివ్యూ రోజున ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేసి చూపించండి.