ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవాలనుకుంటే స్కాలర్‌షిప్ ఎలా పట్టుకోవాలి

ముందు ఒకటి క్లియర్‌గా తెలుసుకోండి, స్కాలర్‌షిప్ వేరు, ఫీల్డ్ గ్రాంట్ వేరు. స్కాలర్‌షిప్ చదువుకి, గ్రాంట్ పనికి. ఉదాహరణకి యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలకి 1,400 యూరోలు ఇస్తారు, గరిష్ఠంగా 24 నెలలు, దాంట్లోనే ప్రయాణం, వీసా, అద్దె అన్నీ చూసుకోవాలి. అదే రఫర్డ్ ఫౌండేషన్ అయితే డబ్బు ఇచ్చేది కన్జర్వేషన్ ప్రాజెక్టుకి, కాలేజీ ఫీజు కోసం దానికి అప్లై చేస్తే టైం వేస్ట్.

ఇక అసలు పని స్టేట్‌మెంట్ దగ్గరే, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో పాటు మీరు రాసిచ్చేది. "నాకు చిన్నప్పటినుంచి ప్రకృతి అంటే ఇష్టం" అని దాదాపు అందరూ రాస్తారు, దయచేసి మీరు రాయకండి. దాని బదులు "వానాకాలం మూడు నెలలు రోజూ సాయంత్రం ఒకే చెరువు గట్టు మీద కూర్చుని కప్పల అరుపులు లెక్కపెట్టా, పక్కన లైట్లు పెట్టాక అరుపులు తగ్గాయి, ఎందుకో తెలుసుకోవాలని ఉంది" అని రాస్తే చదివేవాళ్ళు ఆగి చూస్తారు, ఎందుకంటే అందులో చేసిన పని ఉంది, ఒక ప్రశ్న ఉంది. పెద్ద అనుభవం లేదని అస్సలు భయపడొద్దు, చూసిన జీవుల్ని, పక్షుల్ని ఎవరైనా నమోదు చేసే ఐనాచురలిస్ట్, ఈబర్డ్ లాంటి యాప్‌లలో క్రమం తప్పకుండా పెట్టిన రికార్డులు కూడా చూపించొచ్చు, వాటిని పరిశోధకులు నిజంగానే వాడుకుంటారు.

రికమెండేషన్ లెటర్ మాత్రం కనీసం నెల ముందే అడగండి, అడిగేటప్పుడు మీ స్టేట్‌మెంట్ కూడా పంపండి. ఎరాస్మస్ ముండస్ అప్లికేషన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో తీసుకుంటారు, కాబట్టి ట్రాన్‌స్క్రిప్టులు (కాలేజీ ఇచ్చే మార్కుల రికార్డులు), ఇంగ్లీష్ టెస్ట్ అంతకుముందే రెడీగా పెట్టుకోండి.