భజన పాడేవారి గొంతు బొంగురుపోకుండా: శ్రుతి, ఊపిరి, సాధన

ధనుర్మాసం మొదట్లో కంచుగంటలా మోగిన గొంతులు సంక్రాంతి నాటికి బొంగురుపోయి, పై షడ్జమాన్ని (పై స్థాయి "స"ను) ఒక్క క్షణమైనా నిలపలేని స్థితికి రావడం అనంతపురం చుట్టుపక్కల భజన మందిరాల్లో నేను ఏటా చూస్తున్నాను. చలికి గొంతు పట్టిందని కొందరు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం పడలేదని కొందరు అంటారు. నా దగ్గర సంగీతం నేర్చుకునే భజన గాయకులను దగ్గరగా గమనించిన మీదట నాకు తేలిందేమంటే, చాలామంది విషయంలో అసలు కారణాలు రెండే: తమ గొంతుకు సరిపడని శ్రుతిలో (అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే "స" ఎత్తులో) ఎత్తుకోవడం, డోలక్, తాళాల మోతను మించి వినపడాలని గొంతు బిగించి అరవడం.

శ్రుతి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది సరిగా కుదిరితే మిగిలిన కష్టాల్లో సగం వాటంతటవే తీరుతాయి. స్వరపేటికలో ఉండే రెండు స్వరతంత్రులు ఊపిరి తాకిడికి ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ కంపించడం వల్ల నాదం పుడుతుంది. ఒకటి శ్రుతిలో (హార్మోనియం ఒకటో తెల్లకట్టను, అంటే మీటను, "స"గా పెట్టుకుని) పాడే పురుషుని మధ్య షడ్జమానికి అవి సెకనుకు దాదాపు 131 సార్లు, తార షడ్జమానికి (పై స్థాయి "స"కు) 262 సార్లు తగులుకుంటాయి. అయిదు శ్రుతిలో పాడే స్త్రీకి ఈ లెక్క 196, 392. స్థాయి పెరిగేకొద్దీ తాకిడి అంత పెరుగుతుంది కాబట్టి, గంటల తరబడి పై స్థాయిలోనే సాగే పాటకు ఒక అర శ్రుతి తగ్గించుకున్నా గొంతుకు ఎంతో ఊరట. మగవారికి సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, ఆడవారికి అయిదు, అయిదున్నర కుదురుతాయి గానీ, ఇది అందరికీ వర్తించే కొలత కాదు. హార్మోనియం ముందు కూర్చుని, మంద్ర పంచమం (కింది స్థాయి "ప") స్పష్టంగా వినపడుతూ, తార గాంధారం (పై స్థాయి "గ") మెడ నరాలు ఉబ్బకుండా అందే కట్టను వెతకండి. అదే మీ శ్రుతి. హార్మోనియం వాయించేవారికి అలవాటైన కట్ట పాడేవారి శ్రుతి కానక్కరలేదు. ఆడవారు, మగవారు కలిసి పాడే బృందాల్లో ముందు పాడేవారు మారినప్పుడల్లా శ్రుతి కూడా మార్చుకోవడం నామోషీ అనుకోవద్దు.

ఊపిరి విషయంలో అందరూ చేసే పొరపాటు భుజాలు ఎగరేసి గాలి పీల్చడం. నేల మీద నిటారుగా కూర్చుని, రెండు అరచేతులు కింది పక్కటెముకల మీద ఆనించి, ముక్కుతో నిదానంగా గాలి తీసుకున్నప్పుడు ఆ చేతులు పక్కలకు జరగాలి, భుజాలు కదలకూడదు. తరువాత పళ్ళ సందుల్లోంచి "స్స్" అంటూ సన్నగా, ఒకే ధారగా గాలి వదలండి. మొదట్లో పన్నెండు సెకన్లు వస్తే చాలు, నెల తిరిగేసరికి ఇరవై దాటుతుంది. గాలి ఎక్కువగా నింపుకోవడం కంటే దాన్ని పొదుపుగా వాడుకోవడమే నేర్వవలసిన విద్య. పాట సాహిత్యాన్ని కాగితం మీద రాసుకుని ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ముందే గీత పెట్టుకుంటే, "వేంకటేశ" అన్న మాటను మధ్యలో విరిచే అవస్థ ఉండదు.

గొంతును పాటకు సిద్ధం చేయడానికి నేను అందరికీ నేర్పే ఒక అభ్యాసం ఉంది. గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి, కూల్‌డ్రింకు తాగే పుల్లను (స్ట్రాను) రెండు వేళ్ళ లోతు ముంచి, దానిలోంచి "ఊ" అని నాదం ఊదండి. నీటిలో బుడగలు వరుసగా, ఒకే జోరుతో రావాలి. ఆ నాదాన్ని మంద్రం నుంచి పైకి, మళ్ళీ కిందికి జారుడుగా తీసుకువెళ్ళండి. వేరుశనగ సాగు చేసుకుంటూ మా దగ్గర పాట నేర్చుకునే ఒక పెద్దాయనకు నిషాదం దాటగానే బుడగలు ఒక్కసారిగా ఆగి, ఆపైన నీళ్ళు గ్లాసు అంచు దాటి చిందేవి. ఆయన గొంతు బిగిస్తున్నది సరిగ్గా అక్కడేనని ఆ నీళ్ళే చూపించాయి. ఆ చోట జోరు తగ్గించి, సన్నగా దాటడం అలవాటు చేసుకోవడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. పుల్ల సన్నగా ఉండడం వల్ల గాలి ఒత్తిడి కొంత వెనక్కి తన్ని, తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కంపిస్తాయి. పాడే ముందు అయిదు నిమిషాలు, పాడిన తరువాత రెండు నిమిషాలు చేస్తే సరిపోతుంది.

ఆపైన సరళీ వరుసలు, అంటే సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు. పురందరదాసు ఏర్పరచాడని చెప్పుకునే ఈ వరుసలను మాయామాళవగౌళ రాగంలో, తంబూరా నాదం వినిపించుకుంటూ, ముందు స్వరాలతో, తరువాత ఆకారంతో ("ఆ" అంటూ) మూడు కాలాల్లో (వేగాల్లో) పాడాలి. భజనకు ఇవెందుకని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: శ్రుతి జారేది గొంతు లోపం వల్ల కాదు, వినికిడి అలవాటు లేకపోవడం వల్ల. అవరోహణలో (పై స్వరాల నుంచి కిందికి దిగేటప్పుడు), పంక్తి చివర ఊపిరి తగ్గినచోట స్వరం కిందికి జారుతుంది. సెల్‌ఫోనులో రికార్డు చేసుకుని వింటే ఆ చోటు మీకే తెలుస్తుంది.

తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి నాదం నిలవడానికి మన భాషలోనే చోటుంది. హల్లును చప్పున పలికి అచ్చు మీద నిలవండి, "ఆ" అన్నప్పుడు కింది దవడను వదులుగా దించండి. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మన సీమలోదే. ఆయన కీర్తనలు పాడాలనే కోరిక ఇక్కడ ఎక్కువ, పదాల బిగువు కూడా వాటిలో ఎక్కువ. రాగం పక్కన పెట్టి, తాళం వేస్తూ సాహిత్యాన్ని రెండు మూడు సార్లు చదివాకే పాటకు రండి.

పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య గొంతు మారుతున్న మగపిల్లలను పై స్థాయికి బలవంతపెట్టకూడదు. హాయిగా అందే నాలుగైదు స్వరాల్లోనే కొన్నాళ్ళు పాడించాలి.

మన వాతావరణం గొంతుకు అనుకూలమైనది కాదు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే వేడి, కాయలు ఒలిచే కళ్ళాల దుమ్ము, బేతంచెర్ల వైపు రాళ్ళ పాలిషు పొడి స్వరతంత్రులను ఎండగొడతాయి. దుమ్ములో పని చేసేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. తాగిన నీళ్ళు అన్నవాహికలోకి పోతాయే తప్ప తంత్రులను తాకవు. ఒంట్లో నీరు చేరి వాటిని తడిపేందుకు సమయం కావాలి కాబట్టి పాట మధ్యలో కాక పొద్దుటి నుంచే తాగుతూ ఉండాలి. మిరియాలు, కలకండ నోటికి హాయినిస్తాయి, వాచిన తంత్రులను మాత్రం మాన్పలేవు. వట్టి నీటి ఆవిరి పట్టడం మేలు. భజన ముగిశాక రాత్రి పదకొండింటికి సంగటి, ఊరిమిండి తిని వెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్ని, పొద్దున్నే జీర కనిపిస్తుంది. కాబట్టి భజనకు చాలా ముందే తినేయండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా తంత్రులను రాపిడికి గురిచేస్తుంది, దానికి బదులు ఒక గుటక నీళ్ళు మింగండి. బీడీ, గుట్కా మానకుండా ఈ సాధనంతా చేసినా ఫలితం నిలవదు.

మైకు ఉన్నప్పుడు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుని, మామూలు గొంతుతో పాడండి. ఒక స్పీకరును పాడేవారి వైపు తిప్పించుకుంటే అరవవలసిన అవసరం రాదు. నా ఇరవై ఆరో ఏట ఒక ఏకాహంలో రాత్రంతా పాడి, గొంతు జీరపోయినా ఆపకుండా మరో మూడు రోజులు పాడాను. ఆ తరువాత నెలన్నర పాటు మధ్యమం దాటలేకపోయాను. కెమెరా గొట్టంతో చూసిన డాక్టరు తంత్రుల అంచులు వాచాయని, గుసగుసగా మాట్లాడడం విశ్రాంతి కాదని, అది కూడా గొంతును అలసిపోయేట్టు చేస్తుందని చెప్పారు. ఇలాంటి వాపును లెక్కచేయకుండా పాడుతూ పోతే అరచేతి కాయల్లాంటి బుడిపెలు ఏర్పడతాయి. తొలిదశలో వాటికి విశ్రాంతి, మాట తీరు మార్చుకునే శిక్షణ చాలావరకు సరిపోతాయి.

జలుబు లేకుండా బొంగురుతనం మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవాలి. కర్నూలు, అనంతపురం, కడపల్లోని ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఆ విభాగం ఉంది. పాడుతుండగా ఒక్కసారిగా గొంతు పోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, దగ్గులో రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా వారాలు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్ళాలి. డాక్టరు పాడవచ్చని అన్న తరువాత కూడా మొదటి వారం రోజుకు పది నిమిషాలు, నీళ్ళ గ్లాసు, పుల్లతోనే గడపండి. రెండో వారం మధ్య స్థాయిలో సరళీ వరుసలు పాడి, తార షడ్జమం జోలికి మూడో వారంలోనే వెళ్ళండి.