బయాలజీ చదువుకి లోన్ తీస్కునే ముందు లెక్క ఎలా వేస్కోవాలి?

బైపీసీ చదివి నీట్‌లో సీటు రాని పిల్లలు చాలామంది బీఎస్సీ బయోటెక్, మైక్రోబయాలజీల్లో చేరతారు, అది అయ్యాక ఏదో ప్రైవేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, దానికి బ్యాంక్ లోన్. మా పిన్ని కూతురు అలాగే చేరింది, బాగా చదివింది, మార్కులూ బాగానే వచ్చాయి, కానీ మొదటి జీతం పడ్డ కొన్నాళ్ళకే ఈఎంఐ మెసేజ్ చూసి ఏడ్చేసింది. చేరకముందే కూర్చోబెట్టి లెక్క చెప్పి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ బాధే, అందుకే ఇది రాస్తున్నా.

1. ముందు అసలు అప్పు ఎంతవుద్దో తేల్చండి

ఫీజు ఒక్కటే చూడకండి, హాస్టల్, మెస్, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు ఖర్చు కూడా కలపండి. ఉదాహరణకి రెండేళ్ళ ఎమ్మెస్సీకి అన్నీ కలిపి 5 లక్షలు, ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున బ్యాంక్ ఇస్తుంది, వడ్డీ 10 శాతం అనుకుందాం. ఎడ్యుకేషన్ లోన్‌కి కోర్సు ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత మామూలుగా ఇంకో ఏడాదీ కట్టక్కర్లేదు అంటారు కదా, అది విని వడ్డీ కూడా ఉండదనుకుంటారు, కానీ మీటర్ తిరుగుతూనే ఉంటది. మొదటి విడతకి మూడేళ్ళకి 75 వేలు, రెండో విడతకి రెండేళ్ళకి 50 వేలు, ఇదంతా అసలులో కలుస్తుంది. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకి మీ అప్పు 5 కాదు, 6 లక్షల 25 వేలు.

దీన్ని ఏడేళ్ళలో తీరిస్తే ఈఎంఐ సుమారు 10,400. పదేళ్ళకి పెడితే 8,260 దాకా వస్తుంది, కానీ మొత్తం కట్టేది పది లక్షలకి దగ్గరగా తేలుతుంది. మీరు చదువుకునే రెండేళ్ళూ, ఆ తర్వాతి ఏడాదీ ఇంట్లోవాళ్ళు నెలనెలా వడ్డీ కట్టేస్తే (మొదటి ఏడాది నెలకి 2,100, తర్వాత 4,200 దగ్గర) అసలు 5 లక్షల దగ్గరే ఆగుతుంది, ఏడేళ్ళ ఈఎంఐ 8,300కి దిగుతుంది. కుదిరితే ఇది తప్పకుండా చేయండి.

2. జీతం అడగాల్సిన మనుషుల్ని అడగండి

కాలేజీ బ్రోచర్‌లో హైయెస్ట్ ప్యాకేజీ మాత్రమే ఉంటది, దాన్ని పక్కన పెట్టండి. రెండేళ్ళ క్రితం అదే కోర్సు పాసైన సీనియర్లని కనీసం అయిదుగురిని పట్టుకోండి, వాళ్ళలో టాపర్ ఒక్కరే ఉండాలి. అడగాల్సింది సీటీసీ (కంపెనీ కాగితం మీద చూపించే మొత్తం ప్యాకేజీ) కాదు, చేతికి ఎంతొస్తుంది, ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పట్టింది, ఇప్పుడు చేసేది ల్యాబ్ పనేనా అని. హైదరాబాద్ శివార్లలో బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో క్యూసీ (నాణ్యత పరీక్షలు), ప్రొడక్షన్ చేసేవాళ్ళు కొందరుంటారు, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే పని) వాళ్ళు కొందరు, హైదరాబాద్‌లో అయితే మెడికల్ కోడింగ్‌లోకి (పేషెంట్ల రికార్డులకి బిల్లింగ్ కోడ్‌లు వేసే ఆఫీసు పని) వెళ్ళినవాళ్ళు చాలామందే కనపడతారు.

ఇక్కడే అసలు ప్రశ్న ఉంది, చాలామంది ఇది అడగరు. అదే పనికి బీఎస్సీ వాళ్ళకి ఎంత ఇస్తున్నారు? ఎమ్మెస్సీకి 20 వేలు, బీఎస్సీకి 16 వేలు అనుకోండి, అప్పుడు మీరు చేసిన అప్పు మీకు తెచ్చిపెట్టేది నెలకి 4 వేలే, దాని కోసం 10,400 కడుతున్నారు. ఈఎంఐని మొత్తం జీతంతో పోల్చి చూస్కుంటే అన్నీ బాగానే కనపడతాయి, ఈ తేడాతో పోల్చి చూడండి. మెడికల్ కోడింగ్‌లోకే వెళ్ళేటట్టయితే బీఎస్సీ అయ్యాకే వెళ్ళొచ్చు, రెండేళ్ళ జీతం కూడా మిగులుద్ది.

3. నెల ఖర్చు తీసేసి చూడండి

20 వేల జీతంలో ఉప్పల్, నాచారం వైపు హాస్టల్, తిండి, బస్సు, ఫోను, ఇంటికెళ్ళొచ్చే చార్జీలు కలిపి పదిన్నర వేలు పోయాయనుకుందాం. మిగిలింది 9,500. ఏడేళ్ళ ఈఎంఐ ఇందులో పట్టదు, పదేళ్ళది పడితే చేతిలో 1,200 ఉంటాయి, ఒక్కసారి జ్వరమొస్తే అయిపోయినట్టే. లోన్ మీద ట్యాక్స్ మినహాయింపు ఉందని బ్యాంకువాళ్ళు చెప్తారు, పాత పన్ను విధానంలో ఉంది కానీ 20 వేల జీతగాడికి కట్టాల్సిన ట్యాక్సే ఉండదు కాబట్టి దాన్ని లెక్కలో వేయకండి.

4. డబ్బులిచ్చి చదివించే దారులు ముందు ప్రయత్నించండి

బయాలజీలో ఇవి నిజంగా ఉన్నాయి, మన పిల్లలకి ఆలస్యంగా తెలుస్తాయి. గాట్-బి (బయోటెక్ పీజీ సీట్లకి జాతీయ ప్రవేశ పరీక్ష) రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట బయోటెక్ ఎమ్మెస్సీలో సీటొస్తే ఫీజూ తక్కువే, నెలనెలా స్టైపెండ్ కూడా ఉంటుంది. జామ్ (ఎమ్మెస్సీ సీట్లకి ఐఐటీలు పెట్టే పరీక్ష) రాస్తే ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటివి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీ చేస్తూనే నెలకి 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటద్దె భత్యం వేరే. ఒక్క ఏడాది ఆగి ప్రిపేరైనా నష్టం లేదని నా గట్టి అభిప్రాయం, ఆ ఏడాది ఖర్చు 6 లక్షల అప్పు కన్నా చాలా చిన్నది.

అమెరికా ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. కంప్యూటర్స్ వాళ్ళు ఎమ్మెస్‌కి 40 లక్షలు తెచ్చారని మనమూ తేవడం కరెక్ట్ కాదు, ల్యాబ్ ఉద్యోగాల జీతం ఆ స్థాయిలో ఉండదు. అక్కడ సైన్స్ పీహెచ్‌డీలకి మామూలుగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, డైరెక్ట్‌గా దానికే అప్లై చేయండి. పైగా యూనివర్సిటీల్లో ఉద్యోగమైతే హెచ్1బీ (అక్కడ ఉద్యోగానికిచ్చే వీసా) లాటరీ గొడవ లేదు.

5. అయినా లోన్ కావాల్సొస్తే

కాలేజీ పీఎం విద్యాలక్ష్మి (కేంద్రం ఎడ్యుకేషన్ లోన్ పథకం) లిస్టులో ఉందేమో చూడండి. ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియం కాలానికి (ఈఎంఐ కట్టక్కర్లేని ఆ మొదటి కాలానికి) 3 శాతం వడ్డీ రాయితీ రావచ్చు, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీస్కుంటుంటే మాత్రం రాదు. లిస్టులో లేని కాలేజీకి ఎంత తక్కువైతే అంత మంచిది, బ్యాంకు ఇస్తానన్నంతా తీస్కోకండి.

ఈ లెక్కంతా ఒక తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టేముందు నాన్నకో అమ్మకో చూపించండి, ఎందుకంటే కో-అప్లికెంట్ (లోన్‌కి మీతోపాటు సంతకం పెట్టేది) వాళ్ళే, ఈఎంఐ తప్పితే సిబిల్ స్కోరు వాళ్ళది కూడా పడిపోద్ది.