వేసవిలో పర్లాకిమిడి పల్లెదారులపై సైకిలు ప్రయాణం

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వంశధార ఒడ్డునున్న కాశీనగరం వైపు ఊళ్లమీదుగా సైకిలుపై వెళ్లదలచినవారు, తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరి, 10 గంటలలోపే నీడకు చేరేలా దూరాన్ని లెక్క వేసుకోవాలి. తిరుగు ప్రయాణం సాయంత్రం 4 దాటాకే పెట్టుకోవడం మేలు. దారి తప్పినట్లనిపిస్తే, పర్లాకిమిడి సంస్థానం న్యారోగేజీగా వేయించి 1900లో ప్రారంభించిన, నేడు బ్రాడ్‌గేజీగా గుణుపురం దాకా సాగే రైలుమార్గం ఎటుందో అడగవచ్చు.

నీటి విషయంలో మాత్రం లోభం కూడదు. దాహం వేసేదాకా ఆగకుండా, గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు కొద్దికొద్దిగా తాగాలి. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది కనుక ఉత్త నీళ్లు చాలవు. ఉప్పు వేసిన మజ్జిగ గానీ చోడి (రాగి) అంబలి గానీ తాగడం మంచిది (నా మట్టుకు నాకు అంబలే మెరుగనిపిస్తుంది). ఒడియా పల్లెల్లో “టికే పాణి దియంతు” అంటే మంచినీళ్లు ఇస్తారు.

తుమ్మముళ్ల బెడద ఉంటుంది కనుక అదనపు ట్యూబు, పంపు వెంట ఉండాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే సైకిలు దిగి, నీడలో పడుకుని, మెడకూ చంకలకూ తడిగుడ్డ వేసుకోవాలి. మాట తడబడితే అది వడదెబ్బే కావచ్చు, తోడున్నవారు 108కి ఫోన్ చేయాలి.