గేమ్‌లోని దురుసు పాత్రపై అభిప్రాయాలు ఎక్కడ చీలాయో కనిపెట్టడం ఎలా?

2015లో విడుదలైన ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ గేమ్‌లో క్లోయీ ప్రైస్ అనే పంతొమ్మిదేళ్ల యువతి ఉంటుంది. నోటి దురుసు, చిన్న మాటకే అలగడం, తీసుకున్న అప్పు తీర్చకపోవడం, స్నేహితురాలు తనకొక్కదానికే సొంతమన్నట్టు ప్రవర్తించడం ఆమె స్వభావంలో భాగాలు. ఆమెను బతికించుకోవడానికి ఊరినంతా తుఫానుకు వదులుకున్న ఆటగాళ్లు ఉన్నారు. ఆమె మాట వినిపిస్తేనే విసుక్కునే ఆటగాళ్లూ ఉన్నారు. గేమ్ వచ్చి పదేళ్లు దాటినా ఆ వాదన చల్లారలేదు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’లోని జోయెల్, దాని రెండో భాగంలోని ఆబీ, ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లోని ఆర్థర్ మోర్గన్ విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

ఇటువంటి వాదన కాస్త వేడెక్కగానే ఒకరు మరొకరి నీతిని శంకించడం మొదలవుతుంది. ‘అలాంటి మనిషిని వెనకేసుకొస్తున్నావంటే నువ్వెలాంటి వాడివి’ అన్న దాకా మాట వెళుతుంది. ఆ శంక చాలాసార్లు అన్యాయమైనదని నా గట్టి నమ్మకం. ఇద్దరి విలువలూ ఒకటే అయినప్పటికీ, వారు చూసిన సన్నివేశాలు, వాటిని చూసిన వరుస, ఆటను నడిపే కంట్రోలర్ చేతిలో ఉండగా తాము స్వయంగా చేసిన పనులు వేరైతే తీర్పులు కూడా వేరవుతాయి. కాబట్టి వాదనలో గెలవడానికి బదులు అది ఏ చోట చీలిందో వెతకడం మేలు. అందుకు పనికివచ్చే పద్ధతి ఇది. పై గేమ్‌ల ముగింపులు కూడా ఇందులో చర్చకు వస్తాయి కనుక, వాటిని ఇంకా ఆడనివారు ముందుగా ఆడి రావడం మంచిది.

1. ఇద్దరూ చూసింది ఒకే మనిషినేనా అని తేల్చుకోండి

పేరు ఒకటే అయినంత మాత్రాన పాత్ర ఒకటే కాదు. 2018లో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ కథ 1899 నాటి అమెరికాలో నడుస్తుంది. అందులో దోపిడీ ముఠా సభ్యుడైన ఆర్థర్ చేసే మంచిచెడ్డలను గేమ్ ‘ఆనర్’ అనే కొలతతో లెక్కిస్తూ ఉంటుంది. దారిన పోయేవారికి సాయపడుతూ ఆడినవారి ఆర్థర్‌కు కలలో దుప్పి కనిపిస్తుంది. దొరికినవారినల్లా దోచుకుంటూ ఆడినవారి ఆర్థర్‌కు కొయోటీ అనే తోడేలు జాతి జంతువు కనిపిస్తుంది. తోటి ముఠా సభ్యుడు జాన్ మార్స్‌టన్‌ను తప్పించడానికి వెళ్లిన ఆర్థర్, ఆనర్ ఎక్కువగా ఉంటే ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూస్తూ కన్నుమూస్తాడు; తక్కువగా ఉంటే ముఠాకు ద్రోహం చేసిన మైకా చేతిలో తూటాకు బలవుతాడు. ఈ రెండు ముగింపుల్లో చెరొకటి చూసిన ఇద్దరు ‘ఆర్థర్ మారాడా, లేదా’ అని వాదించుకుంటే, ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

కనుక మొదటి ప్రశ్నలు సూటిగా ఉండాలి. ఏ ముగింపు వచ్చింది? ఐచ్ఛిక మిషన్లు (ప్రధాన కథకు తప్పనిసరి కాని ఘట్టాలు) ఆడారా? చివరిదాకా ఆడారా, మధ్యలో ఆపేశారా? స్వయంగా ఆడారా, యూట్యూబ్‌లో చూశారా? ఎప్పుడు ఆడారన్నది కూడా అడగండి. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ 2015 జనవరి నుంచి అక్టోబరు వరకు ఐదు ఎపిసోడ్లుగా విడుదలైంది. ఒక్కో ఎపిసోడ్ తర్వాత రెండు మూడు నెలలు ఎదురుచూసినవారికి, క్లోయీ మీద ఏర్పడిన చిరాకు ఆ విరామంలో గట్టిపడిపోయే అవకాశం ఉంది. ఐదింటినీ వరుసగా ఆడినవారికి ఆ వ్యవధే లేదు.

2. ‘నచ్చింది’, ‘న్యాయమే’, ‘బాగా రాశారు’ అన్న మాటలను విడదీయండి

ఈ మూడూ వేర్వేరు తీర్పులు. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’లోని ట్రెవర్ ఫిలిప్స్ చేసే పనుల్లో సమర్థించదగినది దాదాపు ఏదీ లేకపోయినా, అతడు కనిపించే సన్నివేశాల కోసం ఎదురుచూసిన ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. ‘ట్రెవర్ నాకిష్టం’ అన్న మాటను అతడి హింసకు మద్దతుగా తీసుకున్న క్షణంలోనే సంభాషణ దారి తప్పుతుంది. ఎదుటివారు ఈ మూడింటిలో దేని గురించి మాట్లాడుతున్నారో అడిగి తెలుసుకోండి. కొన్ని వాదనలు ఇక్కడే ముగిసిపోతాయి.

3. బటన్ నొక్కింది ఎవరో గుర్తుచేసుకోండి

నవల చదివేవారికి లేని చిక్కు ఇది. 2013 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ ముగింపులో, సాల్ట్ లేక్ సిటీలోని ఆసుపత్రిలో ఎల్లీ అనే బాలిక మెదడుకు శస్త్రచికిత్స చేసి, మహమ్మారికి విరుగుడు తయారుచేయాలని ఫైర్‌ఫ్లైస్ అనే బృందం ప్రయత్నిస్తుంది. ఆ చికిత్స జరిగితే ఎల్లీ చనిపోతుంది. స్పృహలో లేని ఆమెను ఎవరూ అనుమతి అడగలేదు. కథ పొడవునా ఆమెను కాపాడుతూ వచ్చిన జోయెల్, అడ్డువచ్చినవారినందరినీ చంపుకుంటూ ఆపరేషన్ గదిలోకి ప్రవేశిస్తాడు. గదిలో ఒక సర్జన్, మరో ఇద్దరు వైద్య సిబ్బంది ఉంటారు. ఆ ఇద్దరినీ వదిలేయవచ్చు గానీ, సర్జన్‌ను చంపకుండా కథ ముందుకు సాగదు. ఆటగాడికి మరో దారి చూపకుండానే ఆ చావును గేమ్ అతడి చేతి మీదుగా జరిపిస్తుంది.

ఈ గదిలో ఆటగాళ్లు కనీసం మూడు రకాలుగా చీలిపోతారు. కొందరు ఒక్క క్షణం కూడా ఆగకుండా కాల్చారు, ఎందుకంటే ఆ సమయానికి వారికీ జోయెల్‌కూ మధ్య తేడా మిగలలేదు. కొందరు వేరే మార్గం కోసం గదంతా వెతికి, అది లేదని తేలాక మనసు చంపుకుని బటన్ నొక్కారు. వారి కోపం జోయెల్ మీద ఎంతో, గేమ్ మీదా అంతే. మరికొందరు అది జోయెల్ కథ అనీ, తాము చూపరులమేననీ భావించి నిబ్బరంగా ఉండగలిగారు. ఎల్లీ మీద జోయెల్‌కున్న తండ్రి లాంటి ప్రేమను గురించి ఎంతసేపు వాదించినా ఈ ముగ్గురూ ఒక మాట మీదకు రారు, ఎందుకంటే వారు చీలింది ప్రేమ దగ్గర కాదు. తమ వేలికీ పాత్ర చేతికీ మధ్య ఎంత దూరం ఉందన్న దాని దగ్గర చీలారు. అందుకే ‘జోయెల్ చేసింది తప్పా?’ అని అడిగే ముందు ‘ఆ గదిలోకి వెళ్లగానే మీరు ఏం చేశారు?’ అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మొదటి ప్రశ్నకు సగం జవాబు చెప్పేస్తుంది.

4. ఏ సంగతి ఎప్పుడు తెలిసిందో వరుసగా రాసుకోండి

అన్ని మెట్లలోకీ ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే కాబట్టి దీని మీద సమయం పెట్టండి. 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ మొదట్లోనే, తనను ప్రాణాపాయం నుంచి కాపాడిన జోయెల్‌ను ఆబీ అనే యువతి గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. ఎందుకు చంపిందో అప్పటికి ఆటగాడికి తెలియదు. ఆ తర్వాత ఆటగాడు ఎల్లీగా మారి, సియాటిల్ నగరంలో మూడు రోజుల కథ పొడవునా ఆబీ స్నేహితులను ఒక్కొక్కరిగా వేటాడతాడు. సగం గేమ్ గడిచాక కథ వెనక్కు వెళ్లి, మొదటి గేమ్‌లో ఆపరేషన్ గదిలో చనిపోయిన సర్జన్ ఆబీ తండ్రి అని చూపిస్తుంది. అప్పటినుంచి అవే మూడు రోజులను ఆబీగా ఆడాలి.

కర్ణుడి విషయంలో భారతం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన వరుసను పాటించింది. కుంతి అతణ్ణి కని నీటిలో వదిలిన సంగతి ఆదిపర్వంలోనే వినేస్తాం. సభలో ద్రౌపదిని అతడు నోటికొచ్చినట్టు అవమానించేది ఆ తర్వాతే. జాలి ముందు కలిగింది, కోపం తర్వాత వచ్చింది. అందుకే ఆ మాటలు విన్న తర్వాత కూడా కర్ణుడి కోసం కన్నీరు పెట్టుకునేవారు మనలో ఇంతమంది ఉన్నారు. ఆబీకి ఆ సౌకర్యం దక్కలేదు. ఆటగాడు ఏడేళ్లుగా అభిమానించిన మనిషిని ఆమె ముందుగా చంపింది, తన కారణం తర్వాత చెప్పుకుంది. ఆ కారణం విన్నాక కొందరు తమ కోపాన్ని పునరాలోచించుకున్నారు. కొందరికి అదే కారణం బలవంతపు సంజాయిషీలా తోచింది. వినిపించిన సమయాన్ని బట్టే అది ఒకరికి వివరణగా, మరొకరికి మోసంగా కనిపించింది.

దీన్ని పరీక్షించే వీలు కూడా ఉంది. ఆ గేమ్‌కు మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసిన రీమాస్టర్డ్ వెర్షన్‌కు 2025లో, కథను కాలక్రమంలో ఆడే మోడ్‌ను (ఆట విధానాన్ని) జోడించారు. ఆబీని ద్వేషించిన మిత్రుడితో ఆ మోడ్‌లో కొంత దూరమైనా ఆడించి చూడండి. అప్పటికీ అభిప్రాయం మారకపోతే, అతడి అభ్యంతరం వరుసకు సంబంధించినది కాదని తెలుస్తుంది. అది కూడా విలువైన సమాచారమే. ఇద్దరూ చెరొక కాగితం మీద, పాత్ర గురించి తెలిసిన ముఖ్య విషయాలను తెలిసిన వరుసలోనే రాసి, తమ అభిప్రాయం గట్టిపడిన చోట గీత గీయాలి. గీతలు వేర్వేరు చోట్ల పడితే చీలిక దొరికినట్టే.

5. ఎవరి నష్టాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారో చూడండి

క్లోయీ దగ్గరకు మళ్లీ వెళ్దాం. ఆమె తండ్రి కారు ప్రమాదంలో పోయాడు. ప్రాణస్నేహితురాలు, ఆటగాడు నడిపించే పాత్ర అయిన మాక్స్ ఆ వెంటనే సియాటిల్‌కు వెళ్లిపోయి, ఐదేళ్లపాటు పలకరింపు కూడా లేకుండా ఉండిపోయింది. ఆ తర్వాత దొరికిన ఆత్మీయురాలు రేచల్ కనిపించకుండా పోయింది. ఈ వరుస నష్టాలను మనసులో ఉంచుకున్నవారికి ఆమె దురుసుతనం గాయంలా కనిపిస్తుంది.

అయితే రెండో ఎపిసోడ్‌లో, స్కూల్లో అందరూ వెక్కిరిస్తున్న కేట్ మార్ష్ నుంచి మాక్స్‌కు ఫోన్ వస్తుంది. ఎత్తితే క్లోయీ నొచ్చుకుంటుంది. అదే రోజు కేట్ హాస్టల్ పైకప్పు అంచున నిలబడుతుంది. కేట్ కోసం ఆరాటపడిన ఆటగాడికి, ఆ నొచ్చుకోవడం ఎన్నటికీ మరుపునకు రాదు. మూడో ఎపిసోడ్‌లో ప్రిన్సిపల్ గదిలో దొరికిన, వికలాంగ విద్యార్థుల కోసం దాచిన డబ్బును క్లోయీ తన అప్పు తీర్చుకోవడానికి తీసుకుందామంటుంది. ఒకరు క్లోయీ పోగొట్టుకున్నవి లెక్కపెడుతున్నారు, మరొకరు క్లోయీ వల్ల ఇతరులు పోగొట్టుకున్నవి లెక్కపెడుతున్నారు. నా మొగ్గు క్లోయీ వైపే గానీ, కేట్ ఫోన్ సంగతి ఎత్తినవారికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు; ఉండాలని కూడా అనుకోను.

ఆర్థర్ కథలోనూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. అప్పు వసూలు కోసం అతడు కొట్టిన క్షయరోగి థామస్ డౌన్స్ చనిపోయాక, భార్య ఎడిత్, కొడుకు ఏ గతి పాలయ్యారో గుర్తున్నవారి తీర్పు, ఆ రోగమే అంటి ఆర్థర్ చనిపోయాడని మాత్రమే గుర్తున్నవారి తీర్పు ఒకేలా ఉండవు.

6. గేమ్ ఎటు మొగ్గిందో విడిగా చర్చించండి

చాలామందికి కోపం పాత్ర మీద కాదు, ఆ పాత్రను ప్రేమించి తీరాలని గేమ్ తమ మీద ఒత్తిడి పెడుతోందన్న భావన మీద. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ చివర తుఫానుకు ఊరిని వదిలేయాలా, క్లోయీని వదులుకోవాలా అన్న ఎంపిక ఉంటుంది. క్లోయీని వదులుకుంటే అంత్యక్రియల దాకా సాగే నిండైన ముగింపు వస్తుంది; ఊరిని వదులుకుంటే ముగింపు చాలా పొట్టిగా ఉంటుంది. ఈ తేడాను చూసి, గేమ్ తమను తప్పుపట్టిందని క్లోయీ అభిమానులు బాధపడ్డారు. ఆమె నచ్చనివారేమో, అప్పటిదాకా నడిచిన కథంతా ఆమె పక్షమే వహించిందని అంటారు. సంభాషణలు, సంగీతం, కెమెరా, బహుమతులు, ముగింపు నిడివి వంటి ఆధారాలు చూపిస్తూ మాట్లాడితేనే ఈ చర్చ ముందుకు సాగుతుంది.

7. అదే పనిని మరో పాత్ర చేసినట్టు ఊహించండి

2005 నాటి ‘గాడ్ ఆఫ్ వార్’లో, బోనులో ఉన్న సైనికుడు ప్రాధేయపడుతున్నా కథానాయకుడు క్రేటోస్ అతణ్ణి మంటలకు బలిచ్చి ముందుకు సాగుతాడు. ఆ క్రేటోస్‌ను మెచ్చుకుంటూ ఆబీని మాత్రం అసహ్యించుకునేవారు, ఆ తేడాకు కారణమేమిటో నిజాయితీగా చెప్పుకోవాలి. పురాణ వాతావరణం, కథ తీరు వంటి మంచి కారణాలు ఉండవచ్చు. ఆడమనిషి కండలు తిరిగి, కఠినంగా ఉండటం రుచించకపోవడం కూడా కారణం కావచ్చు. ఆబీకి గొంతునిచ్చిన నటి లారా బెయిలీకి 2020లో చంపుతామని బెదిరింపులు వచ్చాయి. పాత్ర మీద కోపం నటి దగ్గరకు వెళ్లడాన్ని అభిప్రాయ భేదంగా నేను పరిగణించను. అలా మాట్లాడేవారితో ఈ మెట్లలో ఏ ఒక్కటీ దిగనవసరం లేదు.

8. వివాదంలో ఉన్న ఒక్క సన్నివేశాన్ని కలిసి ఆడండి

గేమ్ మొత్తం తిరగేయనక్కర లేదు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండు భాగాల్లోనూ కథ పూర్తయ్యాక కావలసిన అధ్యాయాన్ని ఎంచుకోవచ్చు. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’లో ‘కలెక్టిబుల్ మోడ్’ అనే ఆట విధానాన్ని ఎంచుకుంటే, పాత ఎంపికలు చెదరకుండా సన్నివేశాన్ని మళ్లీ చూడవచ్చు. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో పూర్తయిన మిషన్లను మెనూ నుంచి తిరిగి ఆడే వీలుంది. పాత్రను ఇష్టపడనివారి చేతికి కంట్రోలర్ ఇవ్వండి. ఇష్టపడేవారు పక్కన కూర్చుని, సన్నివేశం ముగిసేదాకా ఏమీ వివరించకుండా ఉండాలి. ఆ తర్వాత ఇద్దరూ తమకు ఏ మాట దగ్గర, ఏ కదలిక దగ్గర మనసు మారిందో చెప్పుకోవాలి. ఆర్థర్ గురించైతే థామస్ డౌన్స్ పొలంలో జరిగే వసూలు మిషన్‌తో మొదలుపెట్టండి. అతడి మంచితనం గురించి మాట్లాడేవారూ, క్రూరత్వం గురించి మాట్లాడేవారూ తప్పించుకోలేని సన్నివేశం అది.